అబ్బా ఆవాజ్‌కి ఒక ఢలాన్



పోయిన రంజాన్‌కి ముందు కర్నూలు నుంచి ఆపా ఫోన్ చేసింది. ఇంటికి సున్నాలు వేయిస్తుంటే అబ్బా సందూక్ అడుగున ఒక క్యాసెట్ దొరికిందట. అరవై నిమిషాల క్యాసెట్. పైన అంటించిన కాగితం మీద అబ్బా దస్తూరీతో ఉర్దూలో రెండే మాటలు: సూరె రహ్మాన్. కింద 1991.

అబ్బా ఇంతెకాల్ అయ్యి పదకొండేళ్ళు. మా దగ్గర ఆయన ఫోటోలు నాలుగు ఉన్నాయి, ఆయన కుట్టిన షేర్వానీ ఒకటి ఉంది. ఆవాజ్ మాత్రం ఎక్కడా మిగల్లేదనుకున్నాం. అబ్బా హాఫిజ్ కాదు, మౌల్వీ కాదు. దర్జీ. అసర్ నమాజ్ తర్వాత మిషన్ ఆపేసి, గల్లీ పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టుకుని ఖురాన్ చదివించేవారు. బట్టకి కొలత తప్పితే సర్దుకునేవారేమో గానీ తజ్వీద్ తప్పితే సర్దుకునేవారు కాదు. సీన్‌ని స్వాద్‌లా పలికితే చాలు, కొలబద్ద చేతిలోకి వచ్చేది.

"అమ్మీకి వినిపించాలిరా" అంది ఆపా.

"వినిపిస్తాం ఆపా. అమ్మీకి వినబడాలి కదా" అన్నాను.

అమ్మీకి డెబ్బై ఎనిమిదేళ్ళు. మనం మాట్లాడుతున్నామని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నామో తెలియదు. "ఆవాజ్ ఆతీ రే, బాత్ సమఝ్ మే నై ఆతీ" అంటుంది. ఇంట్లో వాళ్ళకి ఇది అర్థం కాదు. గట్టిగా అరుస్తారు. అరిస్తే ఆమె ఇంకా ముడుచుకుపోతుంది. వినికిడి మిషన్ కొనిచ్చాం. నాలుగు రోజులు పెట్టుకుని, "గిన్నెల చప్పుడే ఎక్కువైంది" అని డబ్బాలో పెట్టేసింది. జుమ్మా రోజు మసీదు మైకులో బయాన్ వస్తుంటే తస్బీహ్ తిప్పుకుంటూ ఊరికే కూర్చుంటుంది.

ఆమె చెప్పేది అక్షరాలా సహీ. మాటలోని బలం, అంటే ఆ, ఈ, ఊ లాంటి అచ్చులు, కింది స్వరాల్లో ఉంటాయి. మాటకి మానీ ఇచ్చే స, ష, ఫ, త లాంటి హల్లుల గుర్తులు చాలావరకు పైన, సెకనుకి 2,000 కంపనాలు దాటిన చోట ఉంటాయి. వయసుతో చెవి ముందు పోగొట్టుకునేది ఆ పై భాగాన్నే. అందుకే గొంతు వినబడుతుంది, మాట చేరదు.

నేను చేసేది ఆవాజ్ పనే. హైదరాబాద్‌లో చెవిలో పెట్టుకునే ఫోన్‌లకి సాఫ్ట్‌వేర్ రాస్తాను. పదిహేనేళ్ళుగా ఎవరెవరి సంగీతానికో బాస్, ట్రెబుల్ సర్దుతున్నాను. కాబట్టి ఇల్లంతా నా వైపే చూసింది. భాంజా అయితే, "మామూ, నాత్ వీడియోల్లోలాగా ఎకో కూడా పెట్టు" అన్నాడు. నానా మసీదు గుంబద్ కింద చదవలేదు బేటా, మన వరండాలో చదివారు అని చెప్పాను.

క్యాసెట్ హైదరాబాద్ తెచ్చాను. డెక్ హెడ్‌ని స్పిరిట్‌తో తుడిచాను. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, టేపుకి హెడ్ ఎంత నిటారుగా నిలబడాలో అది సరిచేస్తుంది. అది పిసరంత వంకరగా ఉన్నా పై స్వరాలన్నీ మసకబారిపోతాయి. అబ్బా గొంతు తేటపడేదాకా దాన్ని కొద్దికొద్దిగా తిప్పాను. తర్వాత సెకనుకి 48,000 నమూనాల చొప్పున కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఏ హంగూ లేకుండా, ఉన్నది ఉన్నట్టు.

రాత్రి రెండింటికి ఆ ఆవాజ్ గదిలోకి వచ్చింది. అరగంట నేను ఇంజనీరుని కాను.

పని మొదలుపెట్టాక చిక్కు తెలిసింది. టేపుకి పై స్వరాలు తక్కువ, పైగా 'స్స్' అనే హిస్స్ ఉంది. అమ్మీ చెవికీ పై స్వరాలు తక్కువే. వాటిని పెంచితే హిస్స్ కూడా పెరుగుతుంది. తగ్గిస్తే అమ్మీకి ఏమీ మిగలదు. దీనికి వాడేది షెల్ఫ్ ఫిల్టర్. మీ ఇళ్ళలో పాత టేపురికార్డర్ మీద బాస్, ట్రెబుల్ అని రెండు బుడిపెలు ఉండేవి గుర్తుందా, అవి ఈ జాతివే. పీటర్ బ్యాక్సాండాల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఒక సర్క్యూట్ ప్రచురించాడు. ఇళ్ళలోని బాస్, ట్రెబుల్ బుడిపెల్లో చాలావాటి వెనక ఉన్నది ఆ నమూనానే.

షెల్ఫ్ అంటే ఏమిటో చెప్పాలంటే మన మొహల్లా మసీదే చాలు. వుజూ చేసే హౌజ్ దగ్గర నేల ఒక ఎత్తులో ఉంటుంది. లోపల నమాజ్ హాల్ నేల ఇంకో ఎత్తులో ఉంటుంది. రెండూ చదునే. మధ్యలో ఎక్కే దారి ఉంటుంది. పై స్వరాల షెల్ఫ్ కూడా అంతే. కింది స్వరాలు హౌజ్ దగ్గర ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. పై స్వరాలన్నీ హాల్ ఎత్తుకి లేస్తాయి. మామూలు బుడిపె ఒక్క సంగతే అడుగుతుంది: హాల్ ఎంత ఎత్తు? ఇంకొంచెం మంచి పరికరం రెండో సంగతి అడుగుతుంది: దారి ఎక్కడ ఉండాలి? మూడో సవాల్ చాలామంది అడగరు: ఆ దారి నిటారు మెట్లా, ఢలానా?

కంప్యూటర్‌లో ఈ ఫిల్టర్ చాలా చిన్న వస్తువు. లోపలికి వచ్చే ప్రతి నమూనా, దాని ముందు వచ్చిన రెండు నమూనాలు, తాను ఇంతకు ముందు ఇచ్చిన రెండు జవాబులు, ఈ ఐదింటినీ ఐదు అంకెలతో గుణించి కూడుతుంది. అంతే. సెకనుకి 48,000 సార్లు ఇదే హిసాబ్. హునర్ అంతా ఆ ఐదు అంకెల్ని ఎంచుకోవడంలో ఉంది. దానికి మా పనివాళ్ళందరూ తిరగేసేది రాబర్ట్ బ్రిస్టో-జాన్సన్ రాసిన ఆడియో ఈక్యూ కుక్‌బుక్. పేరుకి తగ్గట్టు వంటల కితాబే. ఎంత ఎత్తు, ఎక్కడ, ఏ వాలు అని మూడు దినుసులు ఇస్తే ఐదు అంకెలు చేతికొస్తాయి. వాలు పేరు అందులో ఎస్.

ఆ నుస్ఖాలో నాకు ఎప్పుడూ నచ్చే మాట ఒకటుంది. పది డెసిబెల్ల ఎత్తు అడిగితే, మొదట తీసే అంకె పదికి సరిపోయేది కాదు, అందులో సగానికి, అంటే ఐదు డెసిబెల్లకి సరిపోయేది. దారి మధ్యలో నిలబడితే మనిషి సరిగ్గా సగం ఎత్తులో ఉండాలని షర్తు. ఎస్ ఎంత మార్చినా ఆ మధ్య బిందువు కదలదు. మెట్లు పెట్టినా, ఢలాన్ పెట్టినా నడిమధ్యన ఎత్తు ఐదే. మారేది అక్కడికి చేరే తీరు.

ఎస్ ఒకటి అయితే గుంటలూ గడ్డలూ లేకుండా సాధ్యమైనంత నిటారు దారి. ఒకటికి తక్కువైతే ఢలాన్ పొడుగవుతుంది. ఒకటి దాటిస్తే ఇంకా నిటారుగా నిలబడుతుంది గానీ, దానికి కీమత్ చెల్లించాలి. మెట్టు ముందు ఒక గుంట పడుతుంది, మెట్టు ఎక్కాక ఒక గడ్డ లేస్తుంది. పది డెసిబెల్లకైతే ఎస్ ఏడు కూడా చేరకముందే లెక్కలో వర్గమూలం కింద ఋణసంఖ్య వచ్చి, వంట అక్కడే ఆగిపోతుంది.

నాకు తెలుసు ఇదంతా. తెలిసీ మొదటిసారి తొందరపడ్డాను. హల్లులకి మాత్రమే జోరు ఇచ్చి, అబ్బా గొంతులోని కింది భాగాన్ని ముట్టుకోకూడదని నా ఆలోచన. మధ్య బిందువు 2,500 దగ్గర పెట్టాను. ఎత్తు పది డెసిబెల్లు. ఎస్ నాలుగు. గోడలాంటి మెట్టు. అక్కడక్కడా 'టిక్, టిక్' అని చిన్న చప్పుళ్ళు వస్తుంటే, టేపు పాతబడి వచ్చిన మచ్చలనుకుని వాటిని కూడా ఏరి తుడిచేశాను. అద్దంలా అయింది. మెరుస్తోంది. నాకే ముచ్చటేసింది.

రంజాన్ రెండో ఆదివారం కర్నూలు వెళ్ళాను. ఇఫ్తార్ అయ్యి మగ్రిబ్ చదువుకున్నాక అమ్మీ తల మీద పెద్ద హెడ్‌ఫోన్ పెట్టాను. ఆపా, భాంజా, భాబీ అందరూ చుట్టూ కూర్చున్నారు. అమ్మీ కళ్ళు మూసుకుంది. రెండు నిమిషాలు విన్నది. తర్వాత హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సునాయి దేరా బేటా. మగర్ యె తుమ్హారె అబ్బా కి ఆవాజ్ నై హై రే" అంది.

ఎవ్వరూ మాట్లాడలేదు. ఆపా, "అబ్బాదే అమ్మీ, క్యాసెట్‌లోదే" అని చెవి దగ్గర చెప్పింది. అమ్మీ తల అడ్డంగా ఊపింది. "యె కోయి రేడియో వాలా హై" అంది.

ఆ రాత్రి తరావీహ్‌లో నిలబడ్డానే గానీ దిల్ అక్కడ లేదు. పదకొండేళ్ళ తర్వాత షౌహర్ గొంతు వినడానికి కూర్చున్న మనిషికి నేను ఎవరినో వినిపించాను. తిరిగొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి నా ఫిల్టర్ గీత గీయించాను. గుంట, గడ్డ రెండూ కళ్ళ ముందే ఉన్నాయి. 1,700 దగ్గర నాలుగు డెసిబెల్ల గుంట. 3,700 దగ్గర నాలుగు డెసిబెల్ల గడ్డ. నేను పది అడిగితే అక్కడ పద్నాలుగు అయ్యింది. గుంట పడ్డచోటే అబ్బా గొంతులోని పలుకుబడి ఉంది. గడ్డ లేచినచోట సీన్, షీన్‌లన్నీ ఈలలయ్యాయి. పది డెసిబెల్లు తప్పు కాదు, 2,500 తప్పు కాదు. అక్కడికి ఎక్కించిన తీరే తప్పు. ఎవరో రేడియో వాలా అని అమ్మీ అన్నది సహీ. మనిషి గొంతుని గుర్తుపట్టించేది ఏ స్వరం ఎంత ఉందన్న తూకమే. ఆ తూకం నేను విరగ్గొట్టాను.

అప్పుడు అమ్మీ చెవి పరీక్ష కాగితం తీశాను. దాన్ని మేం అంతకుముందు ఒక్కసారే చూసి మడిచిపెట్టాం. 1,000 దగ్గర ముప్పై డెసిబెల్ల లోటు. 2,000 దగ్గర నలభై ఐదు. 4,000 దగ్గర అరవై. 8,000 దగ్గర డెబ్బై ఐదు. గీత ఎక్కడా తెగిపడలేదు. మెల్లగా, ఒకే తీరున, కొండ దిగినట్టు దిగుతోంది. ఆమె చెవికి వచ్చింది గోడ కాదు, ఢలాన్. ఢలాన్‌లో పోయినదాన్ని మెట్టుతో ఎలా ఇస్తాను? ఏ వాలులో దిగిందో ఆ వాలులోనే ఎక్కించాలి.

పది అలాగే ఉంచాను. 2,500 అలాగే ఉంచాను. ఎస్ ఒక్కటే నాలుగు నుంచి సగానికి, అంటే 0.5కి దించాను. ఇప్పుడు 500 దగ్గర అర డెసిబెల్ కూడా లేదు. 1,000 దగ్గర ఒకటిన్నర. 2,500 దగ్గర ఎప్పటిలాగే ఐదు. 4,000 దగ్గర ఏడు. పదికి ఇంకా పైన మెల్లగా చేరుతుంది. ఎక్కడా గుంట లేదు, గడ్డ లేదు. హిస్స్ కోసం 8,000 దగ్గర ఇంకో షెల్ఫ్, ఇది కిందికి దించేది, అదీ ఢలాన్‌గానే. అంత పైన అమ్మీకి ఎలాగూ అందదు కాబట్టి అక్కడ తగ్గిస్తే ఆమెకి నష్టం లేదు.

సరిపోయిందో లేదో చూసుకోవడానికి సూరె రహ్మానే నాకు సాయం చేసింది. డెబ్బై ఎనిమిది ఆయతుల్లో ఒకే ఆయత్ ముప్పై ఒక్కసార్లు తిరిగి వస్తుంది. మీకందరికీ తెలిసిందే. అదే మాట, అదే మనిషి, అదే టేపు. ఆ ఆయత్ 'ఫా'తో మొదలవుతుంది, చివరి మాటలో 'జాల్' నొక్కి పలకాలి. రెండూ చెవి పోయినవాళ్ళకి ముందు జారిపోయే అక్షరాలు. ఒకసారి ఎస్ 0.4, ఇంకోసారి 0.5, మరోసారి ఒకటి, అలా ఒక్కో ఆయత్‌కి ఒక్కోటి పెట్టి సహరీ దాకా విన్నాను. ఒకటి దగ్గర 'ఫా' స్పష్టంగా ఉంది గానీ కొంచెం ముందుకు దూకుతోంది. 0.5 దగ్గర అబ్బా దవడ కదలిక కూడా తెలిసింది. పిల్లల వైపు చూసి, విన్నారా అన్నట్టు ఆగే ఆ చిన్న విరామం తెలిసింది.

ఈసారి మచ్చలు తుడిచే ఓపిక లేదు. తుడవని అసలు నకలు మీదే ఫిల్టర్ పెట్టి తీసుకొచ్చాను.

మధ్యాహ్నం జొహర్ తర్వాత, ఎవరినీ పిలవకుండా, అమ్మీ గదిలో మేమిద్దరమే కూర్చున్నాం. హెడ్‌ఫోన్ పెట్టాను. అమ్మీ మొదట ఏమీ అనలేదు. తర్వాత ఆమె పెదవులు కదలడం మొదలైంది. అబ్బాతో పాటు చదువుతోంది. ఆయన ఆగిన చోట ఆగుతోంది. ఆయన సాగదీసిన చోట సాగదీస్తోంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. "ఓ సున్" అంది. హెడ్‌ఫోన్ ఒక పక్క నా చెవికి ఆనించింది. టిక్, టిక్, టిక్. నేను మచ్చలనుకుని తుడిచేసినవి.

"మేరె చూడ్యాఁ రే వో" అంది అమ్మీ.

ఆ రంజాన్ ఎండలు మొదలయ్యాక వచ్చిందట. కరెంటు పోతే టేపురికార్డర్‌లో సెల్లులు వేసి రికార్డు చేశారట. అబ్బాకి చెమటలు కారుతుంటే అమ్మీ పర్దా వెనక నుంచి చెయ్యి చాపి తాటాకు పంఖా విసిరిందట. చేతినిండా గాజు గాజులు. చప్పుడవుతోందని అబ్బా కళ్ళతో గద్దించారట. "అయినా నేను ఆపలేదు, ఉడుకుతుంటే ఎలా ఆపుతాను" అంది నవ్వుతూ. టేపు మచ్చలకి అంత సమానమైన తాల్ ఎక్కడుంటుందని నాకు తట్టనే లేదు. అబ్బా పోయాక ఆ చేతులు గాజులు వేసుకోలేదు. ఆమె తన ఖాళీ మణికట్టుని ఇంకో చేత్తో పట్టుకుని మిగతాది విన్నది.

ఆ రోజు నాకు అర్థమైన బాత్ ఇదే. పనిలో మేం ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అని కొట్లాడుకుంటాం. ఇంట్లోనూ అంతే, పెద్దవాళ్ళకి వినబడకపోతే వాల్యూమ్ పెంచుతాం, గొంతు పెంచుతాం. ఎత్తు గురించే ఫికర్. ఎలా ఎక్కిస్తున్నామన్న ఫికర్ లేదు. ఇప్పుడు అమ్మీతో మాట్లాడేటప్పుడు అరవడం మానేశాం. ఎదురుగా కూర్చుని, మెల్లగా, హల్లులు తేటగా పలుకుతాం. సగం పని దానితోనే అయిపోతోంది. మిషన్ కూడా మళ్ళీ డబ్బాలోంచి బయటికి తీయించాను. చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, అన్నింటినీ ఒకేసారి పెంచకుండా ఆమె చెవి గీతకి తగ్గట్టు మళ్ళీ సర్దించాం. నా ఫిల్టర్ ఒక క్యాసెట్ వినడానికి చేసింది, మిషన్‌కి బదులు కాదు.

మీ ఇళ్ళలో కూడా సందూకుల అడుగున, అల్మారాల మీద క్యాసెట్లు ఉండే ఉంటాయి. దాదీ పాడిన లోరీలు, నానా చదివిన ఫాతిహా, నికాహ్ రోజు గోల. ఇంకా ఆలస్యం చేయకండి, టేపు మీద సంగతి ఏడాదికేడాది పలచబడుతుంది. డెక్ హెడ్ శుభ్రం చేయించండి, దాని స్క్రూ సరి చూపించండి. ముందు ఏమీ పెంచకుండా, ఏమీ తుడవకుండా ఒక నకలు తీసి పక్కన పెట్టండి. అది అమానత్. సర్దుబాట్లన్నీ ఇంకో నకలు మీద చేసుకోండి. మచ్చ అనుకున్నది మచ్చేనా అని ఇంట్లో పెద్దవాళ్ళని అడిగాకే తుడవండి.

అమ్మీ ఇప్పుడు రోజూ ఫజర్ తర్వాత ఆ క్యాసెట్ వింటోంది. ఆమె సేహత్ కోసం, అబ్బా మగ్‌ఫిరత్ కోసం దువా చేయండి.

ఖుదా హాఫిజ్.